మోటారెందుకు కాలింది సారూ?

(బీఎడ్‌లో ఫిజికల్ సైన్స్ మెథడ్ తీసుకున్న ఛాత్రోపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మమ్మల్ని పిలిచినోళ్లు నియామకాల మీద నాలుగు మాటలు చెప్పుమన్నరు. పేపరోళ్లం గదా, డీఎస్సీ నోటిఫికేషన్ ఎప్పుడు పడ్తదో మాకు ముందే తెలుస్తదని మీ నమ్మకం. తెల్వదు. తెలిసిన సంగతే మాట్లాడుకుందాం. కొలువు ఒక సంగతి. కొలువులో చేరినంక క్లాసులో నిలబడి చెప్పే పాఠం ఇంకో సంగతి. మొదటిదాని మీద మాట్లాడేటందుకు చానమంది ఉన్నరు. రెండోదాని మీద మాట్లాడేటోళ్లే దొరుకుతలేరు.

అయినా మొదటిదాన్ని దాటిపోలేం. తెలంగాణ కొట్లాటను 1969 నుంచి లెక్కపెట్టేటోళ్లు ఒక్కసారి 1952ను యాది చేసుకోవాలె. ఆ యేడు ముల్కీ ఆందోళన వరంగల్‌లో రాజుకున్నదే బడిపంతుళ్ల నియామకాల మీద. స్థానికేతరులను టీచర్లుగా తీసుకుంటున్నరని పిల్లలు బడులు విడిచి రోడ్డెక్కిన్రు. అది హైదరాబాద్ దాకా పాకింది. సెప్టెంబర్ 3న సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పుల్లో పాణాలు పోయినయ్. అంటే ఈ నేల మీద నియామకాల పోరాటం టీచర్ పోస్టుతోనే మొదలైంది. తర్వాత 1969, 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు, 1985 డిసెంబర్ 30న 610 జీవో, 2001లో గిర్‌గ్లానీ కమిషన్. ఈ వరుస మీకు పోటీ పరీక్షల కోసం నోటికొచ్చు. 2011లో సకల జనుల సమ్మె 42 రోజులు నడిచినప్పుడు టీచర్లు రోడ్డు మీద ఉన్నరు, అప్పటి విద్యార్థులం మేము వాళ్ల పక్కన ఉన్నం.

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. సర్కారు బడులకు టీచర్లను తీసుకునే తొలి నోటిఫికేషన్ మాత్రం 2017 అక్టోబర్ దాకా రాలేదు. 8,792 పోస్టులు. 2023లో 5,089 పోస్టులకు ఇంకోటి ఇచ్చి, దాన్ని రద్దు చేసి, 2024 ఫిబ్రవరిలో 11,062 పోస్టులతో మళ్లీ ఇచ్చిన్రు. ఆ అక్టోబర్‌లో నియామక పత్రాలు చేతికొచ్చినయ్. పదేండ్లలో కొలువు దాకా నడిచిన నోటిఫికేషన్లు రెండే. దీన్ని సీమాంధ్ర పాలకుల ఖాతాలో రాయలేం గదా.

ఇగ అసలు సంగతి. ఇంత కొట్లాడి తెచ్చుకున్న పోస్టులో కూసునే మనిషిని మనం ఎట్ల తయారు చేస్తున్నం?

2015–16 నుంచి బీఎడ్ రెండేండ్లయింది. డిగ్రీతో కలిపితే ఇంటర్ తర్వాత ఐదేండ్లు. (మైసూరు రీజినల్ ఇనిస్టిట్యూట్‌లో డిగ్రీ, బీఎడ్ కలిపి నాలుగేండ్ల కోర్సు ఉన్నది. మన పిల్లలు కూడా పోవచ్చన్న ముచ్చట చాన జూనియర్ కాలేజీల్లో ఎవరూ చెప్పరు.) 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు బీఎడ్ చేసినోళ్లు ప్రాథమిక బడి పోస్టులకు అర్హులు కారని తేల్చేసింది. కాబట్టి సర్కారు బడి అనుకుంటే మీకు మిగిలింది స్కూల్ అసిస్టెంట్ దారి. దానికి ముందు టెట్ రెండో పేపరు, 150 మార్కులు. అందులో మన సబ్జెక్టు గణితంతో, జీవశాస్త్రంతో కలిసి 60 మార్కుల మూటలో ఓ మూలకు ఉంటది. ఆ తర్వాత డీఎస్సీ 80 మార్కులు, టెట్ వెయిటేజీ 20. డీఎస్సీ 80లో జనరల్ నాలెడ్జి 10, విద్యా దృక్పథాలు 10, కంటెంట్ 44, మెథడాలజీ 16. మొత్తం 160 బిట్లు, బిట్టుకు అరమార్కు.

ఈ లెక్కంతా మీకు మాకంటే బాగా తెలుసు. ఎందుకు చెప్తున్నమంటే, దీంట్లో ఎక్కడన్నా ఒక కుంభాకార కటకం చేతికిచ్చి "దీని నాభ్యంతరం ఎంతో చూసి చెప్పు" అన్న ప్రశ్న ఉన్నదా? లేదు. నాభ్యంతరం నిర్వచనం అడుగుతరు. సూత్రం అడుగుతరు. కటకాన్ని కిటికీ ఎదురుగ పట్టుకొని, బయటి చెట్టు బొమ్మ తలకిందులుగ తెల్లగోడ మీద పడేదాకా ముందుకూ వెనుకకూ జరిపి స్కేలుతో కొలవడం ఎవరూ అడగరు. రెండు నిమిషాల పని అది. చెయ్యనోళ్లు కూడా పోస్టు కొట్టొచ్చు.

బీఎడ్‌లో ప్రాక్టికల్స్ ఉన్నయంటరు. ఉన్నయ్. రికార్డులు రాసిపెట్టే దుకాణాలు కాలేజీల పక్కపొంటి ఎందుకుంటయో కూడా మీకు ఎరుకే. కొన్ని ప్రైవేటు కాలేజీల్లో పరీక్షల రోజు తప్ప మొఖం చూపించని రెగ్యులర్ విద్యార్థులు ఉంటరన్నది కూడా కొత్త వార్త కాదు. ఇగ పాఠ్యపథకం. లక్ష్యాలు, స్పష్టీకరణలు, ప్రేరణ ప్రశ్నలు. "పిల్లలూ, రాత్రి ఇంట్లో వెలుతురు కోసం ఏం వేస్తరు?" "లైటు సార్." "లైటు దేనితో వెలుగుతది?" "కరెంటుతో సార్." "అయితే ఈ రోజు మనం విద్యుత్ ప్రవాహం గురించి నేర్చుకుందాం." ఈ ప్రేరణకు ఏ పిలగాడు ప్రేరేపితుడైండో మాకు ఇప్పటిదాకా కనబడలేదు.

పల్లెల్లో పిలగాండ్లకు కరెంటు గురించి మనం ప్రేరణ ఇచ్చుడేంది? వాళ్లు పుట్టింది బోరుబాయి కాడ. రాత్రిపూట కరెంటు కోసం తండ్రి పొలం కాడ పండుకున్న ఇండ్లు అవి. లో వోల్టేజీకి మోటారు కాలితే వైండింగ్‌కు అప్పు తెచ్చిన ఇండ్లు. ఫ్యూజు వెయ్యబోయి షాకు తగిలి మనిషి పోయిన ఇండ్లు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు అని ప్రకటించే దాకా, మన సభల్లో కరెంటు మాట లేని ఉపన్యాసం లేదు.

అసొంటి ఇంటి నుంచి వచ్చిన పదో తరగతి పిల్ల మీ క్లాసులో కూసున్నదనుకోండి. మీరు ఓమ్ నియమం చెప్పిన్రు. పొటెన్షియల్ భేదం పెరిగితే విద్యుత్ ప్రవాహం పెరుగుతది, తగ్గితే తగ్గుతది. గ్రాఫు సరళరేఖ. అప్పుడు ఆ పిల్ల లేచి అడుగుతది: "సార్, వోల్టేజీ తగ్గితే కరెంటు తగ్గాలె గదా. కరెంటు తగ్గితే వేడి తగ్గాలె. మరి లో వోల్టేజీకి మా మోటారెందుకు కాలింది?"

ఇది గైడులో లేని ప్రశ్న. "కూసో, పరీక్షలో రాదు" అన్నమంటే ఆ పిల్ల మళ్లీ లేవదు. ఆ పిల్ల తర్కంలో తప్పేం లేదు. తప్పు ఎక్కడున్నదంటే, మోటారు నిక్రోమ్ తీగ వంటిది కాదు. ఓమ్ నియమం వాహకానికి, అదీ ఉష్ణోగ్రత మారనప్పుడు. మోటారు మీద బోరులోంచి నీళ్లు ఎత్తే భారం ఉన్నది. వోల్టేజీ పడిపోయినా ఆ భారం దాదాపు అట్లనే ఉంటది. మోటారు తిప్పుడు బలం తగ్గి వేగం పడిపోతది. వేగం పడిపోయిన మోటారు ఎక్కువ కరెంటు గుంజుతది. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పుడుతది: కరెంటు 20 శాతం పెరిగితే వేడి 44 శాతం పెరుగుతది, రెండింతలైతే నాలుగింతలు. వైండింగ్ మీది పూత మాడిపోతది. కాలింది.

ఇంకో మెలిక భాషలో ఉన్నది. మన ఊర్లలో కరెంటు అంటే అన్నీ. వోల్టేజీ కరెంటే, విద్యుత్తు కరెంటే, బిల్లు కరెంటే, షాకు కూడా కరెంటే. "కరెంటు తక్కువొచ్చి మోటారు కాలింది" అంటడు రైతు. సైన్సు భాషలో సరిగ్గా ఉల్టా: వోల్టేజీ తక్కువొచ్చింది, కరెంటు ఎక్కువ గుంజింది. రైతు చూసింది నిజం, పుస్తకం చెప్పింది నిజం, నడుమ మాట ఒక్కటే అడ్డం పడ్డది. దాన్ని విప్పేటోడే ఫిజిక్స్ టీచరు. ఇది ఏ బీఎడ్ నోట్సులో ఉన్నది?

2022–23లో సర్కారు బడుల్లో ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం పెట్టి, ఒకదిక్కు తెలుగు, ఒకదిక్కు ఇంగ్లీషు ఉన్న పుస్తకాలిచ్చిన్రు. మీలో సగం మంది తెలుగు మీడియంలో డిగ్రీ చదివినోళ్లే ఉంటరు. ఫోర్స్, ఎనర్జీ, పవర్ అని చెప్తే సరిపోతదా? మన ఇంట్లో బలం, శక్తి, సామర్థ్యం అన్నీ ఒక్కటే మాట. ఇంగ్లీషు పేరు పెట్టినంత మాత్రాన ఆ కలగాపులగం పోదు, దాని మీద మూత పడ్తది, అంతే.

"పని" పాఠం చూడండి. తల మీద గంప పెట్టుకొని సమతలం మీద ఒకే వేగంతో నడిస్తే, గంపను మోసే బలం చేసిన పని సున్నా అని తొమ్మిదో తరగతిలో చెప్తం. వాళ్లమ్మ పొద్దంతా కైకిలి చేసి, గడ్డిమోపు నెత్తిన పెట్టుకొని నడిచొస్తది. "మా అమ్మ పని చేస్తలేదా సార్?" అంటడు పిలగాడు. ఈడ టీచరు తలకాయ గీక్కుంటే కుదరదు. బలం పైకి ఉన్నది, కదలిక ముందుకు ఉన్నది, రెండూ లంబంగ ఉన్నయ్ కాబట్టి ఆ బలం గంప మీద చేసిన పని సున్నా. కానీ అమ్మ మెడ కండరాలు, కాళ్ల కండరాలు లోపల బిగుస్తూ సడలుతూ ఉంటయ్, అన్నం నుంచి వచ్చిన శక్తి అక్కడ ఖర్చయి వేడిగ మారుతది, అందుకే చెమట. భౌతికశాస్త్రంలో "పని" ఒక లెక్క పేరు, కష్టానికి కొలత కాదు. ఇది చెప్పకుండ సున్నా ఒక్కటే చెప్తే, ఆ పిలగానికి సైన్సు అంటే తన తల్లిని చిన్నచూపు చూసే విద్య అనిపిస్తది.

ఇగ ల్యాబు. చాన బడుల్లో ల్యాబంటే ఒక బీరువా. తాళంచెవి హెచ్చెమ్ దగ్గర. పరికరాలు ఉండవని కాదు, ఉంటయ్. తీస్తే పగులుతదని భయం, పగిలితే స్టాకు రిజిస్టర్‌లో ఎవరు సంతకం పెట్టాలె అన్న భయం. రిటైరయ్యే నాడు లెక్క సరిపోవాలె గదా! అందుకని గాజు పట్టకం ఇరవై యేండ్లు చెక్కుచెదరకుండ ఉంటది, ఇరవై బ్యాచులు వర్ణపటం చూడకుండ పోతయ్. పనిలో పగిలిన వస్తువును పగిలిందని రాసి కొట్టేసే అధికారం సబ్జెక్టు టీచరుకే ఇయ్యాలె. సంఘాలు పీఆర్సీ మీద పెట్టిన జోరులో పదోవంతు దీని మీద పెడ్తే అయ్యే పని ఇది.

డీఎస్సీలోనే ప్రయోగ పరీక్ష పెట్టాలని కొందరు మిత్రులు అంటున్నరు. మేము ఒప్పుకోం. ఎంపికలో చేతి మార్కులు పెడ్తే అవి ఎవరికి పడ్తయో ఈ రాష్ట్రంలో ఎవర్నడిగినా చెప్తరు. బీద ఇంటి పిల్లకు బిట్టు పేపరే రక్షణ. ఆ పరీక్ష బీఎడ్ చివర పెట్టాలె, బయటి ఎగ్జామినర్‌తో, పాస్ లేదా ఫెయిల్ అంతే, మార్కులు లేకుండ. ఇరవై ప్రయోగాల్లో చీటీ తీసి వచ్చింది చెయ్యాలె. రానోళ్లు మళ్లా నేర్చుకొని వచ్చి చెయ్యాలె.

అది వచ్చేదాకా మీ చేతిలో ఇంటర్న్‌షిప్ ఉన్నది. రెండేండ్లకు కలిపి 20 వారాలు, అందులో 16 వారాలు ఒక్క తీరుగ రెండో యేడు. చాన బడుల్లో మిమ్మల్ని ఖాళీ పీరియడ్లకు, రికార్డు పనులకు వాడుకుంటరు. వాడుకోనీయండి, కానీ ఆ ఖాళీ పీరియడ్లే మీవి. సిలబస్ ఒత్తిడి లేని క్లాసు ఉద్యోగం వచ్చినంక మళ్లీ దొరకదు.

రెండు జాగ్రత్తలు. కటకంతో, టెలిస్కోపుతో సూర్యుణ్ని చూపించొద్దు. మెయిన్స్ కరెంటు మీద పిల్లల ముందు ప్రయోగం వద్దు, స్టార్టర్ డబ్బా తెరిచి చూపించుడు అసలే వద్దు. సెల్లులు చాలు.

మోటారు ప్రశ్నకు సెల్లులతోనే జవాబు చూపించొచ్చు. బొమ్మకారు మోటారు ఒకటి, మూడు సెల్లులు, ఒక టార్చి బుగ్గ. ఫిలమెంటు బుగ్గ కావాలె, ఎల్ఈడీ పనికిరాదు. పాత ఎలక్ట్రికల్ దుకాణాల్లో అడిగితే దొరుకుతది. మూడింటినీ వరుసగ శ్రేణిలో కలపండి. మోటారు తిరుగుతుంటే బుగ్గ మసకగ ఉంటది. ఇరుసును వేళ్లతో మెల్లగ పట్టి వేగం తగ్గించండి, బుగ్గ వెలుగు పెరుగుతది. పూర్తిగ ఆపితే ఇంకా వెలుగుతది. వేగం తగ్గితే కరెంటు పెరుగుడు కంటికి కనబడుతది. బొమ్మ మోటారు డీసీది, బాయికాడి మోటారు మూడు ఫేజుల ఏసీది, లోపలి కథ వేరేనని కూడా పిల్లలకు చెప్పాలె, దాచొద్దు.

మా సంచిలో పది మోటార్లున్నయ్, సెల్లులు ఉన్నయ్, బుగ్గలు పన్నెండు. ముగ్గురు ముగ్గురు కూసోండి. వైరు చివర పళ్లతో గీకకండి, బ్లేడు ఈడ ఉన్నది. ముందు కలపండి, ప్రశ్నలు ఆ తర్వాత అడుగుదురు.