పాలసంచియు, బియ్యపు బస్తాయు



సిద్దిపేటలో మా యింట గత వేసవిని ఒక బక్కెట బావికడ పగిలిపోయెను. చవుకయని కొంటిని. పగిలినచోట చూడగా ఉల్లిగడ్డవలె పొరలు పొరలుగా విడివడియుండెను. అమ్మినవాని నడుగగా, పాత ప్లాస్టికు నంతయు కలిపి కరగించి పోసినదని చెప్పెను.

పాలసంచి పాలిథీను, 1933లో ఇంగ్లండునందు కానవచ్చినది. నేసిన బియ్యపు బస్తా పాలీప్రొపిలీను. దీని గట్టి రూపమును 1954లో ఇటలీ దేశీయుడగు జూలియో నట్టా సాధించెను. రెండును కర్బనము, ఉదజని అను రెండు మూలద్రవ్యములతోనే యైనవి. అయినను కలియవు! ఏల? నీటి అణువువంటి చిన్న అణువులు తమంత తాము తిరుగుచు కలిసిపోగలవు. వీని అణువులో, వేలకొలది కడియములు గల గొలుసులు. వానికట్టి స్వేచ్ఛ లేదు. కడియమునకు కడియమునకు గల స్వల్పమైన పొసగమి గొలుసు పొడవునను కూడి పెద్దదగును. కరగించి కలిపినను చల్లారునప్పటికి వేర్వేరు ముద్దలై నిలుచును. ఆ ముద్దల సరిహద్దుననే నా బక్కెట పగిలినది.

జిడ్డును నీటిని కలుపుటకు కుంకుడురసము నుపయోగింతుము గదా. దానిలోని అణువునకు ఒక కొన జిడ్డును, ఒక కొన నీటిని పట్టును. ఇదే యుపాయమును 2017లో అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయపు జెఫ్రీ కోట్స్, మిన్నెసోటా విశ్వవిద్యాలయపు ఫ్రాంక్ బేట్స్ తమ సహచరులతో ప్రకటించిరి. కొంత పాలిథీను, కొంత పాలీప్రొపిలీను, మరల అది, మరల ఇది, ఇట్లు నాలుగు తునుకలుగా నొకే గొలుసును గట్టిరి. ప్రతి తునుక తన జాతి ముద్దలో దూరి పాతుకొనును. బొంతకు కుట్టువలె రెంటిని బిగించును. నూటికి ఒక పాలు చేర్చినంతనే పెళుసు మిశ్రమము సాగుడు గలదయ్యెను.

అయితే ఆ గొలుసును గట్టుటకు హాఫ్నియమను లోహముతో చేసిన ఉత్ప్రేరకము వలయును. అది చవుక సరుకు గాదు. మరియు ఒక జంటకు కుదిరిన మందు వేరొక జంటకు పనికిరాదు. నైలానును పాలీప్రొపిలీనుతో కలుపవలెనన్న, మలేయిక్ అన్‌హైడ్రైడు అను కొక్కెమును గొలుసునకు తగిలింతురు. ఆ కొక్కెము నైలాను కొనను పట్టుకొనును. మంచినీళ్ల సీసా మరియొక జాతి. దాని సంగతి వేఱు.

మా జిల్లాలో పెండ్లిండ్లకు స్టీలు బ్యాంకునుండి కంచములు, గ్లాసులు తెచ్చుకొను వాడుక వచ్చినది. మంచిదే, కాని పాలు, బియ్యము సంచులలోనే వచ్చుచున్నవి గదా! కావున నేను పాలసంచులను కడిగి ఒక డబ్బాలోను, బస్తాలను ఒక మూలను ఉంచుచున్నాను. మా మనుమరాలు మాత్రము ఇంకను రెంటిని ఒకేచోట పడవేయుచునే యున్నది.