ఆ లైను పోతే ఎట్లా?



బొగ్గు గనుల మీద తెలుగులో కథలున్నాయి, ప్రాజెక్టుల మీద పాటలున్నాయి. గ్రిడ్ ప్లానింగ్ ఇంజనీరు మీదికి మాత్రం రచయితల చూపు అంతగా పోలేదు. ఆశ్చర్యమేమీ లేదు. అతను స్తంభం ఎక్కడు, డ్యామ్ కట్టడు. కంప్యూటర్ ముందు కూర్చుని, ఇంకా కట్టని లైన్లను ఒక్కొక్కటే తీసేసి చూస్తుంటాడు. ఒక లైను పోతే దాని లోడంతా క్షణంలో పక్క లైన్ల మీద పడుతుంది. వాటిలో ఏ ఒక్కటి హద్దు దాటినా ప్లాను మళ్లీ మొదటికొస్తుంది. ఆ శాఖలో దీన్ని ‘ఎన్ మైనస్ వన్’ అంటారు.

2012 జూలై 30 తెల్లవారుజామున 2:33కి మధ్యప్రదేశ్‌లో బీనా–గ్వాలియర్ 400 కేవీ లైను ట్రిప్ అయింది. రెండో సర్క్యూట్‌ను 765 కేవీకి పెంచే పని కోసం అప్పటికే ఆపేశారు. మిగిలిన ఒక్కదానిమీదే భారం. తీగ తెగలేదు, చెట్టు పడలేదు. కరెంటు పెరిగి వోల్టేజీ తగ్గేసరికి, ఎక్కడో దూరాన ఫాల్ట్ వచ్చిందనుకుని లైనుకు కాపలా ఉండే రిలే దాన్ని కోసేసింది. ఉత్తరాది గ్రిడ్ కూలింది. మర్నాడు మళ్లీ కూలింది. ఈసారి తూర్పు, ఈశాన్య గ్రిడ్లనూ వెంట తీసుకుపోయింది. దాదాపు 60 కోట్ల మంది నివసించే ప్రాంతం చీకటైంది.

దక్షిణాది నిలబడింది.

అప్పటికి మనది వేరే గ్రిడ్. గాజువాకలో, భద్రావతిలో, తాల్చేర్–కోలార్ మధ్య డీసీ లింకులే తప్ప మిగతా దేశంతో ఏసీ బంధం లేదు. వేరుగా ఉండటమే మేలని అనిపించే సందర్భమే అది. కానీ అదే ఏడాది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పరిశ్రమలకు పవర్ హాలిడేలు నడిచాయి. బయట కరెంటు దొరికినా, తెచ్చుకునే దారి ఇరుకు. 2013 డిసెంబర్ 31న రాయచూర్–షోలాపూర్ 765 కేవీ లైనుతో దక్షిణాది జాతీయ గ్రిడ్‌లో కలిసింది. కలపడమే సరైన నిర్ణయం. 2012 నాటి జబ్బు కలయికలో లేదు. షెడ్యూలు మించి కరెంటు లాగిన రాష్ట్రాల్లో, రిలే సెట్టింగుల్లో ఉంది.

ఇక డిజైన్. తెరమీద లైను గీయడం సులువు, పొలం మీద గీయడమే కష్టం. 765 కేవీ డబుల్ సర్క్యూట్ లైనుకు సుమారు 67 మీటర్ల వెడల్పు దారి కావాలి. భూమి రైతు పేరు మీదే ఉంటుంది, కానీ లైను కింద ఇల్లు కట్టకూడదు, ఎత్తైన చెట్టు పెంచకూడదు. 2015 కేంద్ర మార్గదర్శకాలు టవర్ అడుగు స్థలానికి భూమి విలువలో 85 శాతం పరిహారమన్నాయి. 2024లో దాన్ని 200 శాతం చేశారు, పల్లెల్లో లైను దారికి 30 శాతం. ఈ మాట ముందే అని ఉంటే కొన్ని టవర్లయినా గొడవల్లేకుండా లేచేవి.

గ్రిడ్ ప్లానుకు ఒకప్పుడు వేసవి సాయంత్రపు పీక్ లోడ్‌కు లెక్క వేస్తే చాలావరకు సరిపోయేది. కర్నూలు సీమలో గని, శకునాల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చాక మధ్యాహ్నానికీ వేరే లెక్క కావాలి. ఆ ప్రాంతంలోనే పిన్నాపురంలో 1680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ. పగలు నీళ్లు పైకి తోడటానికి కరెంటు లోపలికి రావాలి, పొద్దుగూకాక బయటికి పోవాలి. ఒకే లైను రెండు వైపులా మోయాలి, రెంటికీ రిలేలు సరిపోవాలి. ఈ సదస్సులో తొలి పత్రం ఆ లెక్కల మీదే కనుక, మైకు ఇక ఆ పత్రం రాసిన ఇంజనీరుకు.