కట్టెల పొయ్యి పిజ్జా – మన పాలు

(పాల ఉత్పత్తిదారుల సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాల సంఘాల సమావేశంలో పిజ్జా మాట ఎందుకని కొందరు నవ్వుకోవచ్చు. పోసిన పాలు చివరకు ఏ రూపంలో అమ్ముడవుతున్నాయో తెలుసుకోవడం కూడా మన పనే. అందుకే పక్క పట్టణంలో కొత్తగా తెరిచిన కట్టెల పొయ్యి పిజ్జా దుకాణాన్ని నలుగురు సభ్యులతో కలిసి వెళ్లి చూసి వచ్చాను.

పొయ్యిని ఇటుకలతో గుమ్మటంలా కట్టారు. లోపల ఒక పక్కన సరుగుడు కట్టెలు మండుతుంటాయి. పులిసిన మైదా పిండిని చేత్తో వెడల్పు చేసి, టమాటా గుజ్జు పూసి, చీజ్ పరచి, పొడవాటి పిడి ఉన్న పారతో లోపలికి తోస్తారు. ఇది ఇటలీలోని నేపుల్స్ నగరపు పద్ధతి. అక్కడ పొయ్యి వేడి 400 డిగ్రీల సెంటిగ్రేడు దాటి ఉంటుంది. ఒకటి, ఒకటిన్నర నిమిషంలో రొట్టె కాలుతుంది. ఈ విద్యను 2017లో యునెస్కో మానవజాతి వారసత్వ కళల జాబితాలో చేర్చింది.

మనకు కావలసిన సంగతి ఆ రొట్టె మీద ఉంది. దాని పేరు మొజరెల్లా చీజ్. మనం ఇళ్లలో ముర్రుపాలతో చేసుకునే జున్నుకూ దీనికీ సంబంధం లేదు. పాలకు తోడు వేసి, ఎంజైముతో గడ్డకట్టించి, ఆ గడ్డను వేడినీళ్లలో పిసికి సాగదీస్తే మొజరెల్లా తయారవుతుంది. ఇటలీలోని కంపానియా ప్రాంతంలో దీన్ని గేదె పాలతో చేస్తారు. మన ఇళ్ల ముందు కట్టేసి ఉన్నవి కూడా గేదెలే కదా! గేదె పాలతో పాలపొడి కాదని విదేశీ నిపుణులు అన్న రోజుల్లో, ఆనంద్ సహకార సంఘం 1955లో చేసి చూపింది. కనుక మన పాలను మనం చిన్నచూపు చూడనక్కరలేదు.

లెక్క చూద్దాం. ఒక కిలో మొజరెల్లాకు సుమారు 10 లీటర్ల ఆవు పాలు కావాలి. వెన్న ఎక్కువ గనుక గేదె పాలు అంతకు తక్కువే పడతాయి. ఒక పిజ్జాకు 100 గ్రాముల చీజ్ వేస్తే, దాని మీద లీటరు ఆవు పాలు ఉన్నట్లే. రోజుకు 40 పిజ్జాలు అమ్మితే 40 లీటర్లు. ఒక్క దుకాణంతో మన ధర పెరగదు. అయితే ఇలాంటివి ఊరూరా వస్తున్నాయి.

ఇక అసలు చిక్కు చెబుతాను. ఆ యజమాని దాచకుండా చెప్పాడు: “పాల చీజ్ ఖరీదు ఎక్కువండీ. సగం అది, సగం నూనెతో చేసిన చవక రకం కలుపుతాను.” పాల కొవ్వు స్థానంలో పామాయిల్ వంటి నూనె వేసి చేసినదాన్ని చీజ్ పేరుతో అమ్మడం చట్టం ఒప్పదు. తినేవారికి ఆ తేడా తెలియడం లేదు. మన పాలు ఉండవలసిన చోట నూనె కూర్చుంటోంది.

ఆ చోటు మనకు దక్కాలంటే పాలు బాగుండాలి. పొదుగువాపుకు సూది వేయించిన పశువు పాలు, మందు మీద రాసిన గడువు తీరేవరకు సంఘానికి పోయరాదు. ఆ మందు అవశేషం తోడును చంపుతుంది, చీజ్ కుదరదు. పులుపు దాచడానికి సోడా కలిపినా పని చెడుతుంది. నీళ్లు కలిపితే వెన్న, ఎస్.ఎన్.ఎఫ్. రెండూ పడిపోతాయి. ఒక్క ఇంటి క్యాను పొరపాటు ట్యాంకరు మొత్తానికి చేటు.

కార్యదర్శులకు ఒక మనవి. పరీక్షలో నిలవని పాలు ఎవరివైనా, అధ్యక్షుల ఇంటివైనా సరే, తిప్పి పంపండి. సభ్యులకు మరొకటి. మీ పిల్లలు పిజ్జా అడిగితే కొనివ్వండి, కానీ “ఇది పాలతో చేసిన చీజేనా?” అని దుకాణదారుని అడగండి. పది మంది అడిగితే అతడు ఆలోచిస్తాడు. వంద మంది అడిగితే మారుస్తాడు.