జీవకణము – దాని ద్వారములు
(పంచాయతీ సభ్యుల సమావేశములో చేసిన ప్రసంగము)



హైదరాబాదుకు పనిమీద వచ్చినపుడు మీలో పలువురు అమీర్‌పేట మెట్రో స్టేషనులో దిగియుందురు. అక్కడ రెండు మార్గములు కలియుచున్నవి. ఎంత జనమున్నను, టిక్కెట్టు చూపినవారికే ద్వారము తెరచుకొనును. మన శరీరములోని ప్రతి జీవకణమునకును ఇట్టి ద్వారములు కలవు. వానిని గూర్చి నాలుగు మాటలు మనవి చేయుచున్నాము.

జీవకణమనగా సకల ప్రాణులకును మూలమైన అతి చిన్న గది. 1665లో రాబర్ట్ హుక్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు బెండుముక్కను సూక్ష్మదర్శినితో పరిశీలించి, ఇట్టి గదులను చూచి పేరు పెట్టెను. కణమును పలుచని పొర చుట్టియుండును. అది కొన్ని పదార్థములను పోనిచ్చును, కొన్నింటిని ఆపును.

అమీర్‌పేటకు ప్రక్క స్టేషను పంజాగుట్ట. అక్కడి నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలో, మూత్రపిండములు చెడినవారికి డయాలిసిస్ చేయుదురు. యంత్రములో పలుచని పొరకు ఒకవైపు రక్తము, మరొకవైపు శుద్ధమైన ద్రావణము ప్రవహించును. రక్తములోని మాలిన్యము ఎక్కువగా నున్న వైపునుండి తక్కువగా నున్న వైపునకు దానంతట అదియే సాగిపోవును. దీనిని వ్యాపనమందురు.

నీరు కూడ పొరను దాటును. అయితే అది ఉప్పు ఎక్కువగా నున్న వైపునకు పోవును. మాగాయకు ఉప్పు కలిపిన మామిడిముక్కలనుండి ఊట దిగుట మన ఇండ్లలో చూచునదే. ఇదియే ద్రవాభిసరణము.

ఇక అసలు విషయము. అతిసారము సోకిన బిడ్డ నీటితోపాటు లవణములను కూడ కోల్పోవును. వట్టి నీరు త్రాగించిన చాలదు. ప్రేగుల కణములలో, ఉప్పు, గ్లూకోజు రెండును కలిసి వచ్చిననే తెరచుకొను ద్వారమొకటి కలదు. అతిసారములో సైతము అది పనిచేయుచునే యుండును. ఆ రెండును లోనికి పోగా నీరు వానిని వెంబడించును. ఓ.ఆర్.ఎస్. పొట్లములోని రహస్యమింతే. 1971లో పశ్చిమ బెంగాలులోని బొంగావ్ శరణార్థి శిబిరమున కలరా చెలరేగి, సెలైను చాలనపుడు, డాక్టరు దిలీప్ మహలనోబిస్ ఇట్టి ద్రావణమునే డ్రమ్ములలో నింపి పంచిపెట్టించెను. నూటికి ముప్పదివరకు నుండిన మరణములు నాలుగుకు లోబడెను.

కొందరు తల్లులు, చిక్కగా నున్న మందుకు గుణమెక్కువ యనుకొని, లీటరు పొట్లమంతయు ఒక గ్లాసు నీటిలో కలుపుదురు. ఇది ప్రమాదము. మామిడిముక్కకు జరిగినట్లే, చిక్కని ద్రావణము శరీరములోని నీటినే ప్రేగులలోనికి లాగును. మిక్కిలి తీపియైన శీతల పానీయములును అంతే. లీటరు పొట్లమును సరిగా 1 లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలిపి, కొంచెము కొంచెముగా పట్టవలెను. 24 గంటలు గడచిన మిగిలినది పారబోయవలెను. తల్లిపాలు మానరాదు. బిడ్డ మగతగా నున్నను, త్రాగలేకున్నను, మలములో రక్తము పడినను తక్షణము ఆసుపత్రికి చేర్చవలెను.

పంచాయతీ సభ్యులారా! వర్షములు రాకముందే విచారింపుడు. ఆశా కార్యకర్త వద్ద పొట్లములు నిలువ యున్నవా? మంచినీటి ట్యాంకులో క్లోరిను వేయుచున్నారా? మురుగుకాలువలో మునిగిన గొట్టము ఎచ్చటనైన పగిలియున్నదా? ప్రతి యింట లీటరు కొలతపాత్ర ఏదో తల్లులకు తెలిసియున్నదా? కణపు ద్వారము తన పని తాను చేయును. దానివద్దకు ఉప్పు, చక్కెర, మంచినీరు సకాలమున చేర్చుట మన పని.