భోజనాల బల్ల మీద యుద్ధనౌక



ఇవాళ నేను మీతో ఊరగాయల గురించో, పాతచీరలతో బొంతలు కుట్టడం గురించో మాట్లాడబోవడం లేదు. యుద్ధనౌక కట్టడం గురించి చెప్పబోతున్నాను. నవ్వకండి. నిజం ఓడ కాదు లెండి! పిల్లలు ఆడుకునే ప్లాస్టిక్ ఇటుకలతో, మా భోజనాల బల్ల మీద కట్టిన ఓడ. పొడవు 75 సెంటీమీటర్లు. పట్టిన కాలం అయిదు నెలలు.

మా చిన్నవాణ్ణి పదో తరగతి కాగానే హాస్టలున్న ఒక కాలేజీలో వేశాం. తెల్లవారకముందే లేపి, రాత్రి పదింటిదాకా చదివించే చోటు. దసరా సెలవులకు వచ్చిన పిల్లవాడు మళ్ళీ వెళ్ళనన్నాడు. అరవలేదు, ఏడవలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు, అంతే. అన్నం పెడితే తిన్నాడు, పిలిస్తే "ఊఁ" అన్నాడు. మేము తిరిగి పంపలేదు. "ఫీజు కట్టాక మధ్యలో తెచ్చేసుకుంటారా? అంతా తల్లి గారాబం" అన్నారు చుట్టాలు. వాళ్ళన్నదేమో గాని, నాకూ లోపల పీకుతూనే ఉంది సుమండీ, తొందరపడ్డామేమో అని.

దీపావళికి అటక దులుపుతూంటే వాడి చిన్ననాటి లెగో ఇటుకల డబ్బా దొరికింది. కింద పెట్టాను. సాయంత్రానికి చూస్తే వాడు దాని ముందు కూర్చుని రంగులు వేరుచేస్తున్నాడు. నేనేమీ అడగలేదు. పోపుల పెట్టె కడిగి తుడిచి, చిన్న ముక్కలు వేసుకోమని పక్కన పెట్టాను.

ఈ ఇటుకల కథ కొంచెం చెప్పాలి. డెన్మార్కు దేశంలో బిల్లుండ్ అనే ఊళ్ళో ఓలె కిర్క్ క్రిస్టియాన్సెన్ అనే వడ్రంగి 1932లో కొయ్యబొమ్మలు చెయ్యడం మొదలుపెట్టాడు. తరవాత ప్లాస్టిక్ వచ్చింది. ఒకదానిలో ఒకటి గట్టిగా పట్టుకునే ఇప్పటి ఇటుకకు 1958లో పేటెంటు తీసుకున్నారు. ఆనాటి ఇటుక ఈనాటి ఇటుకకు కూడా సరిగ్గా అతుకుతుంది. ఎనిమిది బొడిపెలున్న ఇటుకలు ఆరు తీసుకుంటే వాటిని 91 కోట్లకు పైగా రకాలుగా కలపవచ్చునని లెక్కలవాళ్ళు తేల్చారు. ఆరే ఆరు ఇటుకలు!

మావాడు ఎంచుకున్నది జపాను వారి యమాతో. రెండో ప్రపంచయుద్ధంనాటి యుద్ధనౌక. అంతకన్నా బరువైన యుద్ధనౌకను, అంతకన్నా పెద్ద ఫిరంగులున్నదాన్ని అంతకు ముందూ, తరవాతా ఎవరూ కట్టలేదు. పొడవు 263 మీటర్లు, వెడల్పు 39 మీటర్లకు కాస్త తక్కువ. తొమ్మిది పెద్ద ఫిరంగులు. ఒక్కొక్క గొట్టం లోపలి వ్యాసమే 46 సెంటీమీటర్లు, అంటే మన నీళ్ళ బిందె అందులో దూరిపోతుంది. ఒక్కొక్క గుండు పధ్నాలుగున్నర క్వింటాళ్ళు. అది 42 కిలోమీటర్లు వెళ్తుందిట. మా విశాఖపట్నంలో పేలిస్తే అనకాపల్లి దాటిపోతుందన్నమాట.

ఇక కట్టడం. మనం జాకెట్టు కుట్టేముందు కొలతలు తీసుకుంటాం కదా, ఇదీ అంతే. అసలు ఓడలో 350వ వంతు చేద్దామనుకున్నాడు. ఒక బొడిపెనుంచి పక్క బొడిపెకు దూరం 8 మిల్లీమీటర్లు. ఆ లెక్కన వెడల్పుకు 14 బొడిపెలు, పొడవుకు 94. గళ్ళకాగితం మీద పైనుంచి చూసినట్టు ఓడ బొమ్మ గీసి, గడికో బొడిపె చొప్పున నింపుకున్నాం. అచ్చంగా ముగ్గు పెట్టినట్టే. నీళ్ళకు పైన కనబడే భాగం మాత్రమే కట్టాం. అడుగుభాగం కూడా కట్టాలంటే ఇటుకలు ఇంకా చాలా కావాలి, ఇటుకలేమో ఖరీదు. డబ్బాలో ఉన్నవి చాలక, తెలిసినవాళ్ళ పిల్లలు పెద్దవాళ్ళయి వదిలేసినవి అడిగి తెచ్చాను. ఓడ పక్కలకు బూడిదరంగు, పైన కొయ్యపలకల తళానికి గోధుమరంగు. లోపల కనబడనిచోట ఎరుపూ పసుపూ ఏదైతేనేం?

మొదటిసారి బల్లమీదనుంచి ఎత్తగానే ఓడ నడుముకు విరిగింది. వాడి మొహం మళ్ళీ గోడవైపు తిరుగుతుందేమోనని నా గుండె ఆగినంత పనయింది. విరిగినచోట చూస్తే అతుకు మీద అతుకు వచ్చింది. "ఇల్లు కట్టే తాపీమేస్త్రీ ఇలా పెడతాడుట్రా? కింది రెండు ఇటుకల మధ్య సందుమీద పై ఇటుక నడుము రావాలి" అన్నాను. వాడు నావంక చూసి, "నీకెలా తెలుసమ్మా?" అన్నాడు. రెండు నెలల్లో వాడు నన్నడిగిన మొదటి ప్రశ్న అది.

అప్పటినుంచి మధ్యాహ్నం గంటసేపు నేనూ కూర్చునేదాన్ని. ఫిరంగుల గదులు తిరగాలంటే కింద గుండ్రని తిరుగుడు బిళ్ళ వెయ్యాలి. ముక్కు సన్నగా రావాలంటే ఏటవాలు పలకలు కావాలి. మూడు పలుచని పలకలు పేర్చితే ఒక ఇటుక ఎత్తు. ఇవన్నీ వాడే నేర్పాడు. పని చేస్తున్న చేతులుంటే నోరు దానంతటదే విచ్చుకుంటుంది.

అలా మాటల్లోనే ఆ ఓడ సంగతీ చెప్పాడు. ఆ పెద్ద ఫిరంగులు శత్రునౌకల మీద పేలింది 1944 అక్టోబరు 25న, ఒక్క యుద్ధంలోనేట. 1945 ఏప్రిల్ 6న ఓడను ఒకినావా దీవివైపు పంపించారు. తిరిగివస్తుందన్న ఆశ పంపినవాళ్ళకే లేదు. మరునాడు అమెరికా విమానాలు ముంచేశాయి. ఎక్కిన మూడువేల పైచిలుకు మందిలో బతికి బయటపడింది మూడువందలలోపే.

"కాని అమ్మా, బయలుదేరేముందు, అప్పుడే చదువు ముగించుకుని వచ్చిన కుర్ర కేడెట్లను ఓడమీదనుంచి దింపేశారు" అన్నాడు.

నా చేతిలో ఇటుక అలాగే ఉండిపోయింది. మూడువేలమందిని చావుకు పంపుతున్నవాళ్ళకు కూడా ఆ పసివాళ్ళను చూస్తే దిగమనాలనిపించింది. దిగినవాళ్ళను ఎవరైనా పిరికివాళ్ళన్నారో ఏమో, ఆ తల్లులు మాత్రం అని ఉండరు. దసరానుంచి నాలో పీకుతున్నది ఆ పూట ఆగిపోయింది.

ఏప్రిల్ మొదటివారంలో ఓడ పూర్తయింది. మా అత్తగారి తల్లి అమ్మమ్మగారు తొంభై దాటిన మనిషి. చూడ్డానికి వచ్చారు. ఎవరి ఓడరా అంటే జపానుదన్నాడు వాడు. ఆవిడ మొహం మారిపోయింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు ఈ విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. అప్పుడావిడ ఎనిమిదేళ్ళ పిల్ల. ఉడుకుతున్న అన్నం పొయ్యిమీదే వదిలి, వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని బండెక్కిన సంగతి చెప్పారు. ఇలాంటిది ఇంట్లో పెట్టించానే అని నేను నొచ్చుకుంటూంటే, ఆవిడ ఓడమీదికి వంగి, "మనుషులేరీ?" అన్నారు.

"ఈ కొలతలో మనిషి ఇంతే ఉంటాడు ముత్తమ్మమ్మా" అని వాడొక బొడిపె చూపించాడు. నిజమే. బొడిపె వెడల్పు అయిదు మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. 350 రెట్లు చేస్తే ఒక మనిషి నిలువు పొడుగు.

ఆవిడ బొటనవేలితో ఓడ ఈ చివరనుంచి ఆ చివరదాకా ఆ బొడిపెలను నెమ్మదిగా తడిమారు. "వీళ్ళ తల్లులూ పొయ్యిమీద అన్నం వదిలేసే ఉంటారు" అన్నారు.

సోదరీమణులారా, మావాడు ఇప్పుడు ఇంటినుంచే నడిచివెళ్ళే కాలేజీలో చదువుతున్నాడు. ర్యాంకులేమీ రాలేదు. అన్నం దగ్గర కబుర్లు చెబుతున్నాడు. మీ అటకమీద కూడా ఏదో ఒక పాత డబ్బా ఉండే ఉంటుంది. దాన్ని ఎవరికైనా ఇచ్చేసేముందు, ఒక్కసారి కిందికి దింపి, పిల్లల ముందు పెట్టి, ఏమీ అడక్కుండా పక్కన కూర్చుని చూడండి.

సెలవు.