మరువబడినవారిని ఎవరు వెదకుదురు?



బీదలను ఆదుకొనవలసినది సంఘమా, ప్రభుత్వమా? హబ్సిగూడ, తార్నాక కూటములలో యౌవనులు అడుగు ప్రశ్న ఇది.

ఆదికాండము 41వ అధ్యాయములో యోసేపు ఫరో అధికారిగా ఏడేండ్లు ధాన్యము నిలువచేసెను. కరవులో ప్రజలు బ్రదికిరి. అది ప్రభుత్వపు పని. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1983లో ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వము కిలో రెండు రూపాయలకే బియ్యమిచ్చినది. 2013 ఆహార భద్రతా చట్టముతో చౌక బియ్యము హక్కయినది. 2025 ఉగాదికి తెలంగాణలో ఉచిత సన్న బియ్యము మొదలైనది. ఏ సంఘపు కానుకల పెట్టె అంతమందికి అన్నము పెట్టగలదు?

అయితే అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయము చూడండి. ప్రతిదినము జరుగు పంపకములో గ్రీకు భాష మాట్లాడు విధవరాండ్రు మరువబడిరి. సంఘము వెంటనే ఏడుగురిని ఏర్పరచినది. పంపకమున్న చోట కూడ మరువబడువారుందురు. వారిని వెదకుట మన పని.

రేషను దుకాణములో వేలిముద్ర పడక ఖాళీ సంచితో తిరిగి వచ్చిన ముసలమ్మ బాధ యంత్రమునకు తెలియదు. పొరుగువారమైన మనకు తెలియాలి. ఆమెతో మీసేవకు ఎవరు వెళ్లుదురు? బియ్యము అందేవరకు ఆమె పొయ్యి మీద ఎసరు ఎవరు పెట్టుదురు? ఆమె మన మందిరమునకు రాకపోయినను వెళ్లండి. రమ్మని షరతు పెట్టకండి.

ప్రభుత్వమున్నదని మనము చేతులు ముడుచుకొనరాదు. మనము ఇచ్చుచున్నామని ఆమె హక్కును అడుగుట మానరాదు. ఈ వారము అట్టి ఒక్క ఇంటి గడప తొక్కండి. ప్రభువు మిమ్మును బలపరచును గాక. ఆమేన్.