బాగానే ఉన్నావుగా!

పట్టాలు అందుకున్న మీకు అభినందనలు. వెనక వరసల్లో కూర్చున్న అమ్మానాన్నలకు నమస్కారం. ఈ ఫీజులు ఎక్కణ్ణించి వచ్చాయో వాళ్ళకే తెలుసు. మర్యాదలు ఇంతటితో చాలిస్తాను.

నేను రక్తవ్యాధులు చూసే డాక్టర్ని. చాలాకాలం ఆదిలాబాద్ ఏజెన్సీ నుంచి వచ్చే రోగుల్ని చూశాను. వాళ్ళలో సికిల్‌సెల్ పిల్లలే ఎక్కువ. తర్వాత వైకల్యం సర్టిఫికెట్లిచ్చే మెడికల్ బోర్డులో పనిచేశాను. మనవాళ్ళు సదరం క్యాంపు అంటారే, అక్కడ. రాబోయే కాలం ఎలా ఉంటుందో మీకు చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను మాత్రం నా ఓపీ గదిలో విన్నవే చెబుతాను.

ఒక డిగ్రీ కుర్రాడు. గోండు పిల్లవాడు, చూడ్డానికి చక్కగా, పొడుగ్గా ఉండేవాడు. ఆదిలాబాద్‌లో బస్సెక్కి వికలాంగుల సీట్లో కూర్చున్నాడు. దారిలో ఎక్కిన ఒక పెద్దాయన అన్నారట: "ఏం బాబూ, కాళ్ళూ చేతులూ బాగానే ఉన్నాయిగా, లేవచ్చుగా?" బస్సంతా అతనివైపు తిరిగింది. లేచాడు. ఉట్నూరు దాకా నిలబడే వెళ్ళాడు. మర్నాడు వాళ్ళమ్మ భుజం పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు, అడుగు తీసి అడుగు వెయ్యలేక.

అతని జబ్బు ఇదీ. మనందరి ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. సికిల్‌సెల్ ఉన్నవాళ్ళలో పదీ ఇరవై రోజులే. ఆక్సిజన్ తగ్గితే ఆ కణం కొడవలిలా వంగి, బిరుసెక్కి, సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. ఎక్కడ ఇరుక్కుంటే అక్కడ నొప్పి. చలి తగిలినా వస్తుంది, నీళ్ళు తక్కువ తాగినా వస్తుంది, ఒళ్ళు అలిసినా వస్తుంది. కొందరికి చిన్న వయసులోనే తుంటి దగ్గర తొడ ఎముకకు రక్తం అందక కీలు అరిగిపోతుంది. ఈ కుర్రాడికి అదే జరిగింది. కూర్చుని ఉంటే ఎవరికీ తెలియదు. బస్సులో గంటసేపు నిలబడితే తెలిసేది అతనొక్కడికే.

జేబులో సర్టిఫికెట్ ఉంది. ఎందుకు చూపించలేదురా అని వాళ్ళమ్మ అడిగింది. "చూపిస్తే ఏం జబ్బని అడుగుతారు, అంటుకుంటుందా అని అడుగుతారు, పక్కన కూర్చున్నాయన లేచిపోతాడు" అన్నాడు. సికిల్‌సెల్ అంటుకోదు. తల్లి నుంచీ తండ్రి నుంచీ కలిసి వస్తుంది. ఆ సంగతి ఒక కుర్రాడు కదిలే బస్సులో నలభైమందికి పాఠం చెప్పాలా? చెబితేనే సీటా?

ఆ పెద్దాయన చెడ్డవాడని నేను అనను. పెద్దవాళ్ళకు లేచి సీటివ్వమని మన ఇళ్ళలోనే నేర్పుతాం, నేర్పాలి కూడా. కానీ మర్యాదను అడిగే పద్ధతి ఒకటుంటుంది. "బాబూ, నాకు మోకాళ్ళ నొప్పి, ఎవరైనా కాస్త చోటిస్తారా" అంటే బస్సులో ఇంకెవరో లేచేవారు. "బాగానే ఉన్నావుగా" అనే మాట సీటు అడగడం కాదు, అది తీర్పు. ఎదుటి మనిషి ఒళ్ళు చూసి, రెండు క్షణాల్లో, ఏ పరీక్షా లేకుండా ఇచ్చిన తీర్పు. పరీక్షలన్నీ దగ్గర పెట్టుకుని కూడా నేను అంత తొందరగా ఏమీ తేల్చలేను.

ఇంకో అమ్మాయి. సికిల్‌సెల్ ఉన్నవాళ్ళ కిడ్నీలు నీటిని సరిగ్గా పట్టి ఉంచలేవు. నీళ్ళు తాగకపోతే నొప్పి, తాగితే మాటిమాటికీ బాత్రూమ్‌. పరీక్ష హాల్లో రెండోసారి అడిగేసరికి ఇన్విజిలేటరుకు అనుమానం వచ్చింది. స్లిప్పులు పెట్టుకున్నావా అని అందరి ముందూ నిలబెట్టి వెతికించారు. ఏమీ దొరకలేదు. తర్వాతి పరీక్షలకు ఆ పిల్ల నీళ్ళు తాగడం మానేసింది. పరీక్షలు పూర్తికాకుండానే మా వార్డులో చేరింది. మీలో చాలామంది లెక్చరర్లవుతారు. పరీక్ష హాల్లో చేతిలో అధికారం ఉంటుంది, గుర్తుంచుకోండి.

నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టే సంగతి ఇంకొకటుంది. బోర్డులో కూర్చున్నప్పుడు, సర్టిఫికెట్‌కు అన్నివిధాలా అర్హత ఉన్న ఆడపిల్ల తండ్రి బల్ల మీదికి వంగి మెల్లగా అడుగుతాడు: "మేడమ్, కార్డు వద్దండీ. రేపు సంబంధాలు రావు." ఇలా అడిగిన తండ్రులు చాలామంది. వాళ్ళను తప్పుపట్టలేను, ఊరి నోరు ఎలాంటిదో వాళ్ళకు తెలుసు. జబ్బుందని తెలిస్తే పెళ్ళి కాదంటాం, అందుకని దాచుకోమంటాం. దాచుకున్న పిల్ల బస్సులో కూర్చుంటే నీకేం రోగం అంటాం. దాచుకోమన్న నోటితోనే చూపించమని నిలదీస్తే ఆ పిల్ల ఎక్కడికి పోవాలి? ఈ ప్రశ్న నేను చాలా సభల్లో అడిగాను. అక్కడ చప్పట్లు కొట్టినవాళ్ళే ఇంటికెళ్ళి పెళ్ళిచూపుల్లో వంశంలో ఎవరికేముందని ఆరా తీస్తారు. రక్తపరీక్ష చేయించుకోండి, అది వైద్యం. ఆరాలు మానండి.

చట్టం మనకంటే ముందుంది. 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి. 2016 చట్టం వాటిని 21 చేసింది. సికిల్‌సెల్, తలసేమియా, హీమోఫీలియా అందులోకి వచ్చాయి. ఆటిజం, మల్టిపుల్ స్క్లెరోసిస్, చదువులో ఇబ్బందులు కూడా వచ్చాయి. చూడగానే తెలిసేవి వీటిలో ఎన్ని? పదిమంది చూసే చోట వైకల్యం ఉన్న మనిషిని కించపరచాలని కావాలని అవమానిస్తే, అదే చట్టం 92వ సెక్షన్ ప్రకారం ఆరు నెలల నుంచి ఐదేళ్ళ దాకా జైలు. న్యాయశాస్త్రం చదివినవాళ్ళు ఇక్కడ ఉన్నారు కదా, మీ ఊళ్ళో నలుగురికి ఈ సెక్షన్ చెప్పండి.

"దొంగ సర్టిఫికెట్లు లేవా?" అని అడుగుతారు. ఉన్నాయి. నేనే కొందర్ని వెనక్కి పంపాను. అందుకే బోర్డు ఉంది, రక్తపరీక్షలు ఉన్నాయి, ఎన్నిసార్లు ఆసుపత్రిలో చేరారో, ఎన్నిసార్లు రక్తం ఎక్కించారో చూసే పద్ధతి ఉంది. దొంగను పట్టుకునే పని మాది. మీరు టికెట్ కొని బస్సెక్కినవాళ్ళు, మీకు ఆ పని ఎవరూ అప్పగించలేదు. పది మంది దొంగలు సీట్లో కూర్చున్నా నాకు అంత బాధ లేదు, ఒక్క రోగి భయంతో లేచి నిలబడితే నాకు నిద్ర పట్టదు.

మీ తరం మీద నాకొక కోపం ఉంది నాయనా, చెప్పకుండా దిగను. తిరుమలలో దివ్యాంగుల క్యూలో ఎవరైనా చురుగ్గా నడుస్తూ కనిపిస్తే చాలు, ఫోను తీస్తారు. ఆయన పొట్ట మీద, చొక్కా కింద, పేగు క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత పెట్టిన సంచి ఉందేమో మీకెలా తెలుసు? ఆ వీడియో ఆయన మనవరాలి ఫోనుకు చేరేసరికి ఎంతసేపు పడుతుంది? ఇంత చదువు చదివి, ఇంత మంచి పిల్లలై ఉండి, ఎందుకమ్మా మీకీ పని? లోపల పెట్టండి ఆ ఫోన్లు.

మీలో విదేశాలకు వెళ్ళేవాళ్ళు విమానాశ్రయాల్లో పొద్దుతిరుగుడు పూల బొమ్మలున్న ఆకుపచ్చ తాడు మెడలో వేసుకున్నవాళ్ళను చూస్తారు. 2016లో లండన్ గాట్విక్ విమానాశ్రయంలో మొదలైంది. పైకి కనిపించని ఇబ్బంది ఉంది, కాస్త నిదానంగా మాట్లాడండి అని దానర్థం. లండన్ రైళ్ళలో 2017 నుంచి సీటు అడిగే బ్యాడ్జీ కూడా ఉంది. మంచివే. కానీ నా మనసు పూర్తిగా ఒప్పుకోదు. జబ్బు మోసేవాడే గుర్తు కూడా మెడలో మోయాలా? అది లేనివాడిని అనుమానించడం అప్పుడు ఇంకా తేలిక కాదా?

మీరు రేపు మేనేజర్లు, ఇన్విజిలేటర్లు, అధికారులు, కండక్టర్లు అవుతారు. సర్టిఫికెట్ అడిగే హక్కు మీ ఉద్యోగంలో నిజంగానే వస్తుంది. అప్పుడు అడగండి. మనిషిని పక్కకు పిలిచి, కూర్చోబెట్టి అడగండి. కాగితం చూసి తిరిగి చేతికివ్వండి. అందులో రాసున్న జబ్బు పేరు మాత్రం పైకి చదవకండి.